దగ్గుగారి సంతృప్తి

గుమ్మలపేట క్షయ చికిత్స కేంద్రానికి ఆ సోమవారం మొట్టమొదట వచ్చిన రోగి ఒక దగ్గు. వెంట మనిషి లేడు. తలుపులు తీసే వేళకే వచ్చి, ఒకటో నంబరు చీటీ తీసుకుని, గళ్ల తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, కిటికీ పక్క బల్ల మీద ఒద్దికగా కూర్చుంది.

చికిత్స పర్యవేక్షకురాలు సుభాషిణి దానివంక ఒకసారి చూసి రిజిస్టరు తెరిచింది. పధ్నాలుగేళ్ల సర్వీసులో మనిషి లేకుండా దగ్గు ఒక్కటీ రావడం ఆమెకిది మూడోసారి. మొదటి రెండూ దారి తప్పి వచ్చిన చంటిపిల్లల కోరింతదగ్గులు. వాటిని చెయ్యి పట్టుకుని టీకాల గదిలో దిగబెట్టింది. ఇది అలాంటిది కాదు. ఇది నిండుగా, తడిగా, లోతు నుంచి వచ్చిన దగ్గు.

"రండి, కూర్చోండి. టిఫినయిందా?" అంది సుభాషిణి. రోగులను 'మీరు' అనాలనీ, మొదట కుశలం అడగాలనీ ఆ ఏడాది వచ్చిన సర్క్యులర్లో ఉంది. సర్క్యులర్ రాకముందు కూడా ఆమె అలాగే అడిగేది.

దగ్గు కాస్త తడబడింది. వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూసింది. ఎవరూ లేరు.

"నన్నేనా తల్లీ?" అంది.

"మిమ్మల్నే. పేరు చెప్పండి."

పేరు దగ్గు. ఇంటిపేరు పొట్నూరు. వయసు ఏడు వారాలు. చిరునామా, పొట్నూరు అసిరినాయుడి ఛాతీ, కుడివైపు పైభాగం. ఏం పని చేస్తారని అడిగితే "దగ్గుతాను" అంది. సుభాషిణి ఒక్క క్షణం ఆలోచించి, ఆ గడిలో 'స్వయం ఉపాధి' అని రాసింది. బరువు చూస్తే అయిదు కిలోల రెండువందల గ్రాములు వచ్చింది.

అసిరినాయుడి గొంతు తెలియనివాళ్లు ఆ ఊళ్లో లేరు. ఆటోకి మైకు కట్టుకుని వీధి వీధీ తిరుగుతూ కేకేసే మనిషి. చీరల షాపు ప్రారంభమైనా, కుళాయి నీళ్లు రాకపోయినా, ఎవరింట్లోనైనా దినం భోజనాలున్నా ఊరికి తెలిసేది అతని గొంతు ద్వారానే. క్షయ నివారణ ప్రచారం కూడా ఆ నెల అతనికే అప్పగించారు. జిల్లా కార్యాలయంవారు రాసిచ్చిన కాగితంలో మొదటి వాక్యం ఇది: 'రెండు వారాలు దాటిన ప్రతి దగ్గూ వెంటనే దగ్గరలోని ఆరోగ్య కేంద్రానికి వెళ్లి ఉచితంగా పరీక్ష చేయించుకోవాలి.' ఆ వాక్యాన్ని అసిరినాయుడు మధ్యమధ్య దగ్గుతూ పదకొండు రోజులు మైకులో చదివాడు. తనకి కాదన్నట్టే చదివాడు. నిజమే, ఆ వాక్యంలో అతని ఊసు లేదు. అది దగ్గును ఉద్దేశించి రాసింది. పన్నెండో రోజు దగ్గు వచ్చేసింది.

ల్యాబ్‌లో ధనుంజయ కళ్లె డబ్బా ఇచ్చి ఎలా నింపాలో చెప్పబోయాడు. చెప్పనవసరం లేకపోయింది. మధ్యాహ్నానికల్లా ఫలితం వచ్చింది. క్షయే.

సుభాషిణి అసిరినాయుడికి ఫోను చేసింది. వెనక ఆటో చప్పుడు. గొంతు మాత్రం గంట కొట్టినట్టుంది.

"నాకేటీ నేదమ్మా," అన్నాడతను. "ఇయాల పొద్దుట్నుంచీ ఒక్క దగ్గు కూడా రానేదు. రోగం దానిది. అదొచ్చింది గదా, దానికే సూడండి."

"మాత్రలు మింగాల్సింది మీరేనండీ. దానికి పొట్ట లేదు."

"దాని రోగానికి నానెందుకు మింగాల?"

ఈ ప్రశ్నకు జవాబు ఆమె దగ్గర ఉంది గాని ఫారంలో లేదు. జిల్లా కార్యాలయాన్ని అడిగితే అక్కడి గుమాస్తా నిబంధన చదివి వినిపించాడు. రోగి అనగా కేంద్రానికి హాజరైనవారు. హాజరు కానివారు రోగి కారు. కాబట్టి దగ్గును రోగిగా రాసుకోవాలి. మరి మాత్రలు మింగే మనిషిని ఏమని రాయాలి? గుమాస్తా కాగితాలు తిరగేశాడు. "చికిత్సలో రోగికి తోడ్పడే వ్యక్తికి ఒక గడి ఉంది మేడమ్, సహాయకుడు అని. అందులో రాసేయండి."

అలా అసిరినాయుడు తన దగ్గుకు సహాయకుడయ్యాడు.

ఆ మధ్యాహ్నం సుభాషిణి రోగికి చెప్పాల్సినవన్నీ దగ్గును ఎదురుగా కూర్చోబెట్టుకుని వివరంగా చెప్పింది. ఆరు నెలలు ఒక్క రోజు మానకూడదు. రెండు నెలలకే తగ్గినట్టు అనిపిస్తుంది, నమ్మకూడదు. మొదట్లో కడుపులో తిప్పుతుంది. మూత్రం ఎర్రగా వస్తుంది, అది మందు రంగు, భయపడకూడదు. దగ్గు అన్నింటికీ తల ఊపింది. నెలకు సరిపడా మాత్రల అట్టలు తువ్వాల్లో మూట కట్టుకుని, "ఎల్లొస్తాను తల్లీ" అని పోయింది. మర్నాడు అసిరినాయుడి భార్య తవిటమ్మను పిలిపించి పరీక్ష చేశారు. ఆమెకు ఏమీ లేదు. "మాయాయన్చేత మింగిపించీ పూచీ నాది," అని చెప్పిపోయింది.

ఆ తర్వాత దగ్గు వారానికి రెండుసార్లు వచ్చేది. రావలసిన పనేమీ లేకపోయినా వచ్చేది. మాస్కు కట్టుకుని, కిటికీ పక్కనే కూర్చుని, వచ్చేపోయేవాళ్లను చూస్తుండేది. అది ఇక్కడున్నంతసేపూ అసిరినాయుడి గొంతు నిర్మలంగా పలికేది కాబట్టి అతనికీ ఏ అభ్యంతరమూ లేదు. సాయంత్రమయ్యేసరికి ఇంటికి పోయి ఛాతీలోకి ఎక్కేది. అప్పుడు అతనికి జ్వరం వచ్చేది, చెమటలు పట్టేవి. అవి కూడా దానివేనని అతను సరిపెట్టుకునేవాడు.

ఒకరోజు సుభాషిణి అడిగింది, "ఇన్నిసార్లు రావడం మీకు శ్రమ కాదా?"

"ఇక్కడైతే ఎవులూ పక్కకి జరగరు తల్లీ," అంది దగ్గు. "బస్సెక్కితే సీటంతా కాలీ అయిపోద్ది. కొట్టుకెల్తే 'పో పో' అంటారు. పెల్లిలో అయితే మరీను. నన్ను కూకోమన్నది నువ్వొక్కదానివే."

మొదటి నెల చివర సంతృప్తి సర్వే చేశారు. ఇరవై ప్రశ్నలు. ఒక్కోదానికి అయిదు మార్కులు. సిబ్బంది ప్రవర్తన ఎలా ఉంది? తాగునీరు ఉందా? కూర్చోవడానికి బల్ల ఉందా? మీ మాట విన్నారా? దగ్గు ప్రతి ప్రశ్ననూ రెండుసార్లు చదివించుకుని, ఆలోచించి జవాబిచ్చింది. నూటికి తొంభై ఆరు వచ్చింది. నాలుగు మార్కులు ఫ్యాను చప్పుడుకు పోయాయి. అప్పటికి దాని బరువు మూడు కిలోల ఎనిమిదివందలు.

రెండో నెలలో కిలోన్నరకు దిగింది. ఇప్పుడది బల్ల మీద కూర్చుంటే కాళ్లు నేలకు ఆనడం లేదు. తువ్వాలు దానికి చీరంత అయింది. సర్వే చేసినప్పుడు మొదటి ప్రశ్నకే తువ్వాలు పక్కన పెట్టేసింది.

"తృప్తేటి తల్లీ? సబ్బుబిళ్లలాగ అరిగిపోతన్నాను. మొన్నటిదాకా నాను దగ్గితే వీదిలో కుక్కలు లెగిసీవి. నిన్న దగ్గితే పక్క మంచం మీద తవిటమ్మకే ఇనిపించనేదు."

ముప్ఫై ఒక్క మార్కులు వేసింది. సుభాషిణి ఉన్నదున్నట్టు నింపి పంపింది. ఆ కేంద్రంలో అప్పటికే మరో ఏడెనిమిది దగ్గులు సొంతంగా వస్తున్నాయి, వాటి జవాబులూ అదే తీరు. గుమ్మలపేట సంతృప్తి గీత జిల్లా కార్యాలయం గోడ మీది పటంలో మెట్లు దిగినట్టు దిగిపోయింది.

దాంతో జిల్లా సంతృప్తి అధికారి విశ్వేశ్వర పట్నాయక్ స్వయంగా వచ్చాడు. మర్యాదస్తుడు. చెప్పులు బయట విడిచి లోపలికొచ్చాడు. పటం బల్ల మీద పరిచి వేలితో చూపించాడు.

"పక్క మండలం చూడండమ్మా. తొంభై ఎనిమిది. మీరూ అదే మందిస్తున్నారు, వాళ్లూ అదే మందిస్తున్నారు. తేడా ఎక్కడుంది?"

"అక్కడి దగ్గులు ఎలా ఉన్నాయండీ?"

"నేను కళ్లారా చూసొచ్చాను. ఒక్కొక్కటి నిండుగా, నిగనిగలాడుతూ ఉంది. మాత్రల విషయంలో వాళ్లు ఎవరినీ ఒత్తిడి పెట్టరు. ఇష్టమైతే వేసుకుంటారు, లేకపోతే లేదు."

"వాటి మనుషులో?"

పట్నాయక్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మనుషులు హాజరు కారు కదమ్మా. హాజరు కానివాళ్లు లెక్కలోకి రారు. నేను కూడా ఈ పటానికే జవాబు చెప్పుకోవాలి. వచ్చే నెలకి డెబ్భై దాటించండి. కారణమేమిటో మీకు తెలుసు, ఆ కారణాన్ని తగ్గించండి."

ఆయన పోయాక సుభాషిణి చాలాసేపు బల్ల దగ్గరే కూర్చుంది. ఆమెకు ఇంతకుముందు పనిచేసిన ఊరు గుర్తొచ్చింది. అక్కడొక తాపీమేస్త్రీ ఉండేవాడు. నెల నెలా వచ్చి ఇరవై ప్రశ్నలకూ 'చాలా సంతృప్తి' అని చెప్పి, నమస్కారం పెట్టి, మాత్రలు తీసుకుపోయేవాడు. అయిదో నెలలో చనిపోయాడు. పదిరోజులయ్యాక అతని భార్య ఒక గాజుసీసా తెచ్చి ఈ బల్లలాంటి బల్ల మీదే పెట్టింది. సీసా నిండా మాత్రలు. ఒక్కటీ మింగలేదు. "మీరు మంచోళ్లని ఏమీ అనలేకపోయేవోడమ్మా," అంది ఆమె. ఆ ఏడాది సంతృప్తిలో సుభాషిణికి జిల్లా మొదటి ప్రశంసాపత్రం వచ్చింది. అది ఇప్పటికీ బీరువాలో చీరల అడుగున ఉంది.

కారణాన్ని ఆమె తగ్గించలేదు. మాత్రల అట్టలు ఎప్పటిలాగే లెక్కపెట్టి ఇచ్చింది.

మూడో నెల చివర దగ్గు వచ్చినప్పుడు మెట్లెక్కుతున్న చప్పుడు లోపలికి వినిపించింది. సుభాషిణి తలెత్తి చూసింది. కాళ్లు నేలకు ఆనుతున్నాయి. తువ్వాలు భుజాన సరిపోయింది. తూస్తే మూడు కిలోల వంద.

సర్వేలో ఎనభై నాలుగు మార్కులు వచ్చాయి. ఆ సాయంత్రానికే పట్నాయక్ కార్యాలయం నుంచి అభినందన సందేశం వచ్చింది, పూలగుత్తి బొమ్మతో సహా.

దగ్గు మాత్రం లేచి వెళ్లలేదు. చీటీల కిటికీ మూసేశారు. ధనుంజయ సూక్ష్మదర్శినికి గుడ్డ కప్పి వెళ్లిపోయాడు. అయినా అక్కడే కూర్చుని తువ్వాలు అంచు మెలిపెడుతోంది.

"ఏం కావాలి మీకు?" అంది సుభాషిణి.

"ఆడు మాత్రలు మానీసినాడు తల్లీ."

"ఎప్పటి నుంచి?"

"పంతొమ్మిది రోజులయినాది. జాతర్ల కాలమొచ్చింది, రోజుకి మూడూల్లు తిరుగుతన్నాడు. నాకు బాగైపోనాది, ఇంకేటికి అంటన్నాడు. మాత్రలు తవిటమ్మ సూస్తుండగా నోట్లో ఏసుకుని, పెరట్లోకెల్లి ఊసేస్తన్నాడు."

సుభాషిణి అడగాల్సిన ప్రశ్న అడిగింది. "ఇది మీరు నాకు చెప్తే, మీకేమవుతుందో తెలుసా?"

"తెల్దేటి? తూకం నువ్వే గదా సూస్తన్నావు." దగ్గు తువ్వాలు ఒళ్లో పెట్టుకుంది. "సెప్పకూడదనే వొచ్చినాను. బలం పుంజుకున్నాక బాగానే ఉన్నాది. కానీ నువ్వు పొద్దుట రాగానే టిఫినయిందా అని అడిగినావు. అబద్దం ఆడనేకపోయినాను."

సుభాషిణి కేంద్రానికి తాళం వేసి, దగ్గును స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని అసిరినాయుడింటికి బయల్దేరింది. నిబంధనల ప్రకారం సిబ్బంది రోగి ఇంటికి వెళ్లవచ్చు. రోగి సిబ్బంది వెంట స్కూటరు మీద రావడం గురించి నిబంధన ఏదీ లేదు. అందుకే ఎవరూ అడ్డం చెప్పలేదు. దారిలో దగ్గు ఒక్కసారి మాత్రమే నోరు విప్పింది, పెట్రోలు బంకు దగ్గర, పొగకు.

అసిరినాయుడు అరుగు మీద కూర్చుని మర్నాటి కాగితం చదువుకుంటున్నాడు. సన్నగా పొడవాటి మనిషి. చొక్కా భుజాల మీద వేలాడుతోంది. సుభాషిణి అతన్ని చూడటం అదే మొదటిసారి. మూడు నెలలుగా తన రిజిస్టరులో ఉన్న మనిషి ముఖం తనకు తెలియదని ఆమెకు అప్పుడే తట్టింది.

దగ్గును చూడగానే అతను లేచాడు. "ఇంటి గుట్టు ఈదిలో ఎట్టీసినావేటి? తిండి పెట్టి, నీడిచ్చి, గుండెల్లో దాసుకున్నందుకు ఇదా నువ్వు సేసింది?"

"నువ్వు దాసుకోనేదు, నానే ఎక్కినాను," అంది దగ్గు. "నువ్వు మాత్రలు మింగితే నాను పోతాను. మింగకపోతే నువ్వు పోతావు, నీతోపాటు నానూ పోతాను. ఎలగైనా పోయీదాన్నే గదా. నిన్ను తీసుకుపోయీకన్నా ఒక్కదాన్నీ పోడం మేలని సెప్పినాను."

తవిటమ్మ లోపల్నుంచి వచ్చింది. సంగతి విని గోడకు ఆనుకుని నిలబడిపోయింది. "పెరట్లో ఊసినావా?" అని మాత్రం అడిగింది. ఆ ఒక్కమాటకు అసిరినాయుడు మళ్లీ కూర్చున్నాడు.

సుభాషిణి సంచీలోంచి ఫారం తీసింది. ఇరవై ప్రశ్నలూ చూసింది. ఫ్యాను, బల్ల, తాగునీరు. కాగితం మడిచి మళ్లీ సంచీలో పెట్టేసి, అరుగు మీద అతనికి ఎడంగా కూర్చుంది.

"నాయుడుగారూ, మాత్రలతో మీకేం కష్టంగా ఉందో చెప్పండి," అంది.

అతను నేల చూపులు చూశాడు. ఊరందరి కబురూ ఊరందరికీ చెప్పే మనిషికి తన మాట చెప్పుకోవడం చేతకాలేదు. తవిటమ్మే అందించబోయింది. సుభాషిణి చేత్తో వారించింది. అతనే మొదలుపెట్టాడు.

"పొద్దుటారింటికి ఆటో వొచ్చీసద్ది. కాలీ కడుపున మింగమన్నారంట. మింగితే కడుపులో దేవుద్ది. మైకు పట్టుకున్నాక డోకొస్తే ఎలగమ్మా? ఓసారి కలెక్టరుగారి పేరు సదూతుంటే వొచ్చీసింది."

"ఇంకా?"

"ఇంకా…" గొంతు తగ్గించాడు. "రత్తం పోతన్నాది. మూత్రంలో. మొదటి రోజు నుంచీ. ఈ మాత్రలు నా రత్తాన్ని కరిగించీస్తన్నాయి. ఆలికి కూడా సెప్పనేదు."

సుభాషిణి నుదురు కొట్టుకుంది. "అది రక్తం కాదండీ. మందు రంగు. అందరికీ అలాగే వస్తుంది. ఆ సంగతి మొదటి రోజే చెప్పానే!"

"నాకెవులు సెప్పినారు?"

ముగ్గురూ దగ్గువంక చూశారు. దగ్గు తువ్వాలు సర్దుకుంది.

"నాకు సెప్పినాది," అంది నెమ్మదిగా. "నాకు మూత్రం రాదు గదా. మనకక్కర్నేదనుకున్నాను."

తవిటమ్మకు నవ్వొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకుంది గాని ఆగలేదు. ఆమె నవ్వు చూసి అసిరినాయుడు మొదట కోపంగా చూశాడు, తర్వాత అతనూ నవ్వాడు. మూడు నెలల భయం అది. నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు.

ఆ తర్వాత అసలు మాట బయటికొచ్చింది. మైకు ఒకటే. ఆటో యజమానిది. ఇద్దరు ముగ్గురు దాన్నే నోటి దగ్గర పెట్టుకుంటారు. తనకు క్షయ అని తెలిస్తే మళ్లీ ఎవరూ మైకు చేతికివ్వరు. గొంతు తప్ప తనకు వేరే విద్య రాదు. మాత్రలు వేసుకుంటూ ఉంటే రోగం ఉన్నట్టు, మానేస్తే లేనట్టు. అందుకే మానేశాడు.

సుభాషిణి మొత్తం విన్నది. విన్నంతసేపూ ఏమీ రాసుకోలేదు. తర్వాత ఒక్కొక్కటే చెప్పింది. మాత్రలకు ముందు రెండు ఇడ్లీలో, కాస్త గంజో తీసుకోవచ్చు, డాక్టరుగారిని అడిగి డోకుకు కూడా మందు తెస్తుంది. పొద్దున ఆరింటికి తను ఎలాగూ ఆ రోడ్డు మీదే పాలకు వెళ్తుంది. ఆటో కదిలేముందు రెండు నిమిషాలు ఇంటి ముందు ఆగుతుంది, తన ఎదురుగా అతను మింగాలి. మందు సరిగ్గా పడితే కొన్ని వారాలకే ఇంకొకరికి అంటించే ప్రమాదం పోతుంది. ఆ సంగతి పరీక్ష చేసి తనే చెప్తుంది, అందాకా మైకు జోలికి పోకూడదు. జాతర్ల కాలమైనా సరే.

"అన్ని వారాలా?" అన్నాడతను దిగులుగా.

"ఎంతయితే అంత. తర్వాత మైకుకి మీదంటూ ఒక గుడ్డ తొడుగు పెట్టుకోండి. గాలి చప్పుడు రాకుండా అని చెప్పండి. అబద్ధం కూడా కాదు."

తవిటమ్మ అప్పుడే పెట్టెలోంచి ఎర్ర వెల్వెట్ ముక్క ఒకటి తీసి కొలత చూసుకుంటోంది.

మర్నాడు కళ్లె మళ్లీ పరీక్షకు పంపారు. మధ్యలో మానేసినందుకు రోగం మందుకు లొంగని రకంగా మారిందేమోనని అందరికీ భయం. నివేదిక వచ్చేదాకా సుభాషిణి రోజూ ల్యాబ్ తలుపు దగ్గర ఆగి అడిగింది. మారలేదు. అదే మందు పనిచేస్తుందని వచ్చింది. ధనుంజయ ఆ కాగితాన్ని రెండు చేతులతో తెచ్చి ఆమెకిచ్చాడు.

పొద్దున ఆరు గంటల ఆ రెండు నిమిషాలూ మెల్లగా అయిదు నిమిషాలయ్యాయి. అసిరినాయుడు మింగి, నోరు తెరిచి, నాలుక ఎత్తి చూపించేవాడు. ఆ తర్వాత ఏదో ఒకటి చెప్పేవాడు. నిన్న అన్నం ఎంత తిన్నాడో, మెట్లెక్కితే ఆయాసం వచ్చిందో లేదో. ఫారంలో లేని సంగతులన్నీ చెప్పేవాడు. సుభాషిణి ఎప్పుడైనా ఆలస్యంగా వస్తే, మాత్రలు అరచేతిలో పెట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉండేవాడు. నెల తిరిగేసరికి మైకు చేతికొచ్చింది, ఎర్ర తొడుగుతో.

దగ్గు మళ్లీ తగ్గసాగింది. నాలుగో నెలలో కిలో. అయిదో నెలలో మూడువందల గ్రాములు. మధ్యలో పోయిన రోజులకు డాక్టరు పొడిగించగా ఏడో నెల వచ్చింది. సర్వే మార్కులు ఇరవై రెండు, పధ్నాలుగు, ఆరు. దగ్గు అబద్ధం చెప్పేది కాదు. "తృప్తి నేదు తల్లీ. నీ తప్పు కాదనుకో," అని ప్రతిసారీ చెప్పి మరీ మార్కులు వేసేది. పట్నాయక్ కార్యాలయం నుంచి వచ్చే సందేశాల్లో పూలగుత్తి బొమ్మ మాయమైంది.

ఏడో నెల ఆఖరి రోజున అసిరినాయుడు మొట్టమొదటిసారి కేంద్రానికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. భుజాలు చొక్కాను నింపాయి. దగ్గు తనంతట నడవలేకపోవడం వల్ల, దాన్ని జేబులో పెట్టుకుని జేబు మీద చెయ్యి అడ్డం ఉంచి జాగ్రత్తగా తెచ్చాడు. బల్ల మీద దింపితే చింతగింజంత ఉంది. తూకం యంత్రం సున్నా చూపించింది.

సుభాషిణి వంగి, చెవి దగ్గరగా పెట్టి, సర్వే మొదలుపెట్టింది. జవాబులు వినపడీ వినపడనట్టు వచ్చాయి. ఇరవయ్యో ప్రశ్న ఇలా ఉంటుంది: మీలాంటివారిని ఈ కేంద్రానికి పంపుతారా?

"పంపుతాను తల్లీ," అంది దగ్గు. "అయితే ఒక్కటి…"

ఆ తర్వాత ఏమీ వినిపించలేదు. సుభాషిణి కాసేపు అలాగే వంగి ఉంది. బల్ల మీద ఏమీ లేదు.

"ఓసారి దగ్గి సూడనా?" అన్నాడు అసిరినాయుడు. దగ్గబోయాడు. రాలేదు. గట్టిగా ప్రయత్నించాడు. శుభ్రమైన గాలి మాత్రం వచ్చింది. కళ్లె డబ్బా ఇస్తే అందులో పడటానికీ ఏమీ లేదు. ధనుంజయ రాసిచ్చాడు: క్షయ లేదు.

అసిరినాయుడు కిటికీ పక్క బల్ల మీద కాసేపు కూర్చున్నాడు. "అలవాటైపోనాదమ్మా," అన్నాడు. కాసేపటికి లేచి, జేబు ఒకసారి తడుముకుని, జాతర కబురు చెప్పాలని వెళ్లిపోయాడు. అతని గొంతు ఆ మధ్యాహ్నం రైల్వే గేటు అవతలి వీధుల దాకా వినిపించింది.

సుభాషిణికి వారం తిరగకుండా మెమో వచ్చింది. రోగి సర్వే మధ్యలో గైరుహాజరైనందున సంతృప్తి సున్నాగా పరిగణించడమైనదని, సంజాయిషీ ఇవ్వాలని అందులో ఉంది. ఆమె ఒక్క వాక్యం రాసి పంపింది: 'రోగి ఇక లేదు, మనిషి ఉన్నాడు.' మనిషి ఉన్నట్టు నమోదు చేసే గడి తమ దగ్గర లేదని జిల్లా నుంచి జవాబొచ్చింది. ఆ పైన ఒక సవరణ కూడా వచ్చింది. ఇకమీదట నయమైపోయి కేంద్రానికి రావడం మానేసిన వారందరినీ 'పూర్తిగా అసంతృప్తి' కింద లెక్కించాలి. రాకపోవడాన్ని మించిన అసంతృప్తి ఏముంటుందని కార్యాలయంవారి వాదన. సుభాషిణికి అందులో లోపమేమీ కనబడలేదు. అందుకున్నట్టు సంతకం చేసింది.

ఏడాది ముగిసేసరికి గుమ్మలపేట జిల్లాలోకెల్లా అసంతృప్తి ఎక్కువ ఉన్న కేంద్రమయింది. నూటికి తొంభై ఒకటి. నిబంధన ప్రకారం అసంతృప్తులుగా లెక్కించిన వారందరి జాబితాను పత్రికల్లో వేయించారు, పేర్లతో, ఫోను నంబర్లతో సహా. పక్క మండలానికి సన్మానం జరిగింది. ఆ సభలో దగ్గుల చప్పట్లకు ఉపన్యాసాలు వినపడలేదని చూసొచ్చిన వాళ్లన్నారు.

జాబితా వచ్చిన మూడో రోజు, పక్క మండలం బస్సు దిగి ఒక ఆడమనిషి నేరుగా కేంద్రం మెట్ల దగ్గరికి వచ్చింది. ఒక చేత్తో బొద్దుగా, నిగనిగలాడుతున్న దగ్గును పట్టుకుంది. రెండో చేత్తో ఎముకల గూడులా ఉన్న భర్తను నడిపించుకొస్తోంది. పత్రిక ముక్క చంకలో ఉంది.

"ఇందులో నంబర్లకి ఫోన్ సేసి కనుక్కున్నాను. అందరికంటే అసంతృప్తి ఎక్కువున్న ఆసుపత్రి ఇదేనేటమ్మా?" అని అడిగింది.

"ఇదేనమ్మా," అంది సుభాషిణి. ముందు ఆ మగమనిషి పేరు అడిగి రాసుకుంది.